ఫ్లాక్ పాటలకు కంప్యూటర్‌లో ఏ ప్లేయర్ మేలు? డబ్బు పెట్టి కొంటే సౌండ్ మారుతుందా?

కర్నూలు నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ. విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఈమధ్యే ఒక చిన్న యూఎస్‌బీ డాక్ (కంప్యూటర్ పంపే అంకెలను సౌండ్‌గా మార్చి హెడ్‌ఫోన్స్‌కు ఇచ్చే పెట్టె), మంచి వైరు హెడ్‌ఫోన్స్ కొన్నాడు. వాళ్ల నాయన దాచిన సీడీల నుంచి తీసినవి, అక్కడా ఇక్కడా తెచ్చుకున్నవి కలిపి 400 జీబీ దాకా పాటలు, ఎక్కువ ఫ్లాక్ (సీడీ పాటను ఏమీ పోకుండా కుదించి దాచే ఫైల్ రకం), కొన్ని ఏప్ (అట్లాంటిదే ఇంకో రకం), వాటి పక్కన క్యూ ఫైల్స్ (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో రాసి ఉండేవి). ఇప్పుడు వాడే వీడియో ప్లేయర్‌లో పాటకీ పాటకీ మధ్య తెగుతోంది, కావల్సిన పాట దొరకదు, ఎవరో ఫ్రెండు ఐదారు వేలు పెట్టి ఫలానా ప్లేయర్ కొంటే సౌండే మారిపోతుందని చెప్పినాడంట. కొనాలా వద్దా, అసలు ఏది బెస్ట్ అన్నా అని ప్రశ్న.

ముందే చెప్పేస్తా తమ్ముడూ. కొనొద్దు. ఫూబార్2000 పెట్టుకో, ఫ్రీ. దాని వాలకం నచ్చకపోతే మ్యూజిక్‌బీ పెట్టుకో, అదీ ఫ్రీనే, చూడ్డానికి బాగుంటుంది. సౌండ్ కోసం ప్లేయర్ మార్చాల్సిన పని లేదు, పాట చేతికి దొరకడం కోసం మార్చాలి. ఆ ఐదారు వేలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీద పెట్టు, ఎందుకో చివర్లో చెప్తా.

నేను అనంతపురంలో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్‌తో మొదలుపెట్టినోణ్ణి. జనం తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకుని వచ్చి 60 క్యాసెట్టా 90 క్యాసెట్టా అని అడిగి రికార్డు చేయించుకుని పోయే రోజులు అవి. తర్వాత సీడీలు, తర్వాత కంప్యూటర్లు. ఇప్పుడు పాత క్యాసెట్లు, హరికథలు, పద్యనాటకాల రికార్డింగులు డిజిటల్ చేసి ఇస్తా, ఇళ్లకు పోయి మ్యూజిక్ లైబ్రరీలు సెట్ చేసి వస్తా. ఈ ప్రశ్న నన్ను నెలకు ఇద్దరన్నా అడుగుతారు, అందుకే రొంత వివరంగా రాస్తున్నా.

సౌండ్ ఎందుకు మారదు? సీడీలో ఉండేది సెకనుకు 44,100 సార్లు కొలిచిన అంకెలు, ఒక్కో కొలత 16 బిట్లు, రెండు ఛానెళ్లు. లెక్క కడితే 1411 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్లు), నిమిషానికి 10 ఎంబీ పైన. ఫ్లాక్ చేసే పని ఆ అంకెలను మడతపెట్టి చిన్న సంచిలో సర్దడం, సంచి విప్పితే ఒక్క అంకె కూడా పోకుండా మళ్లీ అవే వస్తాయి. 2001లో జోష్ కోల్సన్ అనే ఆయన దీని మొదటి పూర్తి వెర్షన్ విడుదల చేసినాడు, ఫ్రీగా, ఎవరైనా వాడుకునేలా. విప్పే పద్ధతి ఒక్కటే కాబట్టి ఏ ప్లేయర్ విప్పినా అవే అంకెలు, ఫ్రీది విప్పినా వేలు పోసి కొన్నది విప్పినా అంతే. తేడా రాగలిగేది విప్పిన తర్వాత, అంటే అంకెలు డాక్‌కు చేరే దారిలో ఎవరన్నా చెయ్యి పెడితేనే.

ఇది మాటగా చెప్పేది కాదు, చేసి చూసినా. నా దగ్గర డిజిటల్ ఇన్, డిజిటల్ ఔట్ రెండూ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది. ఔట్ నుంచి ఇన్‌కు ఒక చిన్న కేబుల్ వేసి, ఒకే ఫ్లాక్ ఫైల్‌ను ఒకసారి ఫూబార్‌లో, ఒకసారి ఒక ఖరీదైన ప్లేయర్ ట్రయల్ వెర్షన్‌లో వాల్యూమ్ వందలో పెట్టి ప్లే చేసి రెండూ ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లోకి రికార్డు చేసినా. రెండు వేవ్‌లనూ శాంపిల్‌కు శాంపిల్ ఎదురెదురుగా జరిపి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి కలిపితే, రెండింట్లో ఏ కొంచెం తేడా ఉన్నా అది మిగిలిపోయి కనపడాలి. ఏమీ మిగల్లేదు. స్క్రీన్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే సన్నగీత, ఎంత జూమ్ చేసినా కదల్లేదు. అదే ఫైల్‌ను విండోస్ మిక్సర్ గుండా (దాని సంగతి కింద చెప్తా) పంపి చూస్తే మాత్రం చాలా సన్నగా మిగులు కనిపించింది, చెవికి వినపడేంత కాదు, కంటికి కనపడేంత.

మరి నీ ఫ్రెండు అబద్ధం చెప్పినాడా అంటే లేదు, అతనికి నిజంగానే బాగా వినపడి ఉంటుంది. మా దగ్గరకు వచ్చే ఒకాయన ఇట్లనే ఒక ప్లేయర్ కొని గొంతు ఎంత క్లియర్‌గా ఉందో వినప్పా అని పిలిచి వినిపించినాడు. నిజమే, బాగుంది. సెట్టింగ్స్‌లోకి పోయి చూస్తే పాత ప్లేయర్‌లో రీప్లేగెయిన్ (పాటల వాల్యూమ్ సమానం చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉండి వాల్యూమ్ తగ్గించి వినిపిస్తా ఉంది, కొత్తదాంట్లో అది ఆఫ్. ఆ కొద్దిపాటి వాల్యూమ్ తేడానే మన చెవి "క్లారిటీ" అనుకుంటుంది, చెవి స్వభావమే అంత, కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. రెండూ ఒకే వాల్యూమ్‌కు తెచ్చి కళ్లు మూసుకోమని వినిపిస్తే ఏది ఏదో ఆయన చెప్పలేకపోయినాడు. కాబట్టి ఎప్పుడు పోల్చినా ముందు వాల్యూమ్ సమానం చేసుకో, ఈక్వలైజరు, బాస్ బూస్టు, ల్యాప్‌టాప్‌తో వచ్చే సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ ఆపి పోల్చు.

ఇప్పుడు దారి శుభ్రం చేసుకునే పని. మామూలుగా విండోస్ అన్ని ప్రోగ్రాముల సౌండ్లనూ ఒక మిక్సర్‌లో కలిపి ఒకే శాంపిల్ రేటుకు మార్చి పంపుతుంది. చాలా కంప్యూటర్లలో అది 48,000లో ఉంటుంది, నీ సీడీ పాట 44,100, అంటే దారిలో మారుస్తారు. ఆ మార్పిడి కూడా అంత చెడ్డగా ఏం చేయదు, కానీ అనవసరం. విండోస్ విస్టా నుంచి వాసాపి అని ఒక పద్ధతి ఉంది, దాంట్లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెడితే మిక్సర్‌ను దాటేసి పాట నేరుగా డాక్‌కు పోతుంది. ఇప్పటి ఫూబార్‌లో ఇది లోపలే ఉంది, వేరే ఏమీ వేయనక్కర్లే. ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద ఔట్‌పుట్‌కు పో, డివైస్ లిస్టులో నీ డాక్ పేరు రెండుసార్లు కనపడుతుంది, ఒకదాని పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉంటుంది, అది ఎంచుకో. అంతే పని.

ఒకటి గుర్తుపెట్టుకో, ఎక్స్‌క్లూజివ్‌లో పాట నడుస్తున్నంతసేపు ఆ డాక్ ఇంకెవరికీ దొరకదు, యూట్యూబ్ పెడితే సౌండ్ రాదు, మీటింగ్ పెడితే సౌండ్ రాదు. ఇది తెలియక కంప్యూటర్ చెడిపోయిందని నాకు ఫోన్ చేసినోళ్లు చాలామంది. రోజంతా వేరే పనులు చేసుకుంటూ పక్కన పాటలు వినేవాడివైతే మామూలు మోడ్‌లోనే ఉంచు, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద డిఫాల్ట్ ఫార్మాట్ 44,100కి మార్చుకో చాలు. ఏసియో, ఏసియో4ఆల్ గొడవలోకి పోవద్దు, అవి రికార్డింగ్ చేసేవాళ్లకు ఆలస్యం తగ్గించడానికి, వినేవాళ్లకు కాదు. ఇంకోటి, ఇంత చేసి చివర్లో బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుంటే దారి శుభ్రం చేసి లాభం లేదు, మామూలు బ్లూటూత్ పాటను మళ్లీ కుదించే పంపుతుంది. నువ్వు వైరు హెడ్‌ఫోన్స్ అన్నావు కాబట్టి నీకు ఆ బాధ లేదు.

సౌండ్ గురించే ఇంకొక్క మాట, మన ఊళ్లలో ఇది ఎక్కువ. డాక్ నుంచి ఆంప్లిఫయర్‌కో స్పీకర్లకో కలిపినప్పుడు "గుర్ర్" మని సన్నగా హమ్మింగ్ వస్తే ప్లేయర్ బాగాలేదని మారుస్తుంటారు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడు. పీకగానే ఆగిందంటే అది ప్లేయర్‌ది కాదు, కరెంటుది, ఎర్తింగ్‌ది. ఇక్కడ ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఇంట్లో ఏప్రిల్ వచ్చిందంటే హమ్మింగ్ మొదలు, వానలు పడితే మాయం. ఏంరా అని చూస్తే పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది, మన నేలకు ఎండాకాలంలో తడి ఎక్కడిది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఉప్పూ బొగ్గూ వేయించి రెండు బిందెల నీళ్లు పోయించినాం, సాయంత్రానికి స్పీకర్లు సద్దు లేకుండా ఉన్నాయి. ఏ ప్లేయరూ చేయలేని పని అది.

పాట మధ్యలో తెగడం. ఇది మాత్రం నిజంగా ప్లేయర్ సంగతే. వీఎల్‌సీ లాంటివి వీడియో కోసం పుట్టినవి, ఫ్లాక్ బ్రహ్మాండంగా ప్లే చేస్తాయి కానీ దాని 3 సిరీస్‌లో గ్యాప్‌లెస్ లేదు, ఒక ఫైల్ మూసి ఇంకోటి తెరిచే సందులో చిన్న ఖాళీ వస్తుంది. సినిమా పాటలకు అది తెలియదు, ఎట్లాగూ పాట చివర నిశ్శబ్దమే. కచేరీ సీడీలు వేసి చూడు అప్పుడు తెలుస్తుంది. ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఇంకో ట్రాక్, తని ఆవర్తనం (మృదంగం వాళ్ల వంతు) ఇంకో ట్రాక్ అని కోసి ఉంటారు, తంబూరా మాత్రం ఆగకుండా నడుస్తుంటుంది, ఆ తంబూరా నడిమధ్యలో టక్కున తెగి మళ్లీ అందుకుంటే ఎవరో నోరు మూసినట్లు ఉంటుంది. హరికథలూ అంతే, నాటకం పద్యాలూ అంతే, రాగం తీస్తా తీస్తా ఉండగా ట్రాక్ మారుతుంది. ఫూబార్, మ్యూజిక్‌బీ, ఐంప్ అనే ఇంకో ప్లేయర్, మూడూ గ్యాప్ లేకుండా అందుకుంటాయి. నీకు తెగుతున్న బాధ మొదటిరోజే పోతుంది.

అసలు విషయం ట్యాగులు, అంటే పాట ఫైల్ లోపలే రాసిపెట్టే పాట పేరు, పాడినోళ్లు, ఆల్బమ్ లాంటి వివరాలు. నన్నడిగితే ప్లేయర్ ఎంచుకోవాల్సింది దీని కోసమే. 400 జీబీ అంటే సీడీకి 300, 400 ఎంబీ చొప్పున వెయ్యి సీడీల దాకా ఉన్నట్లు, ఫోల్డర్లు తెరిచి వెతికితే ఒక జన్మ చాలదు.

మన పాటల కష్టం ఇంగ్లీషు పాటల్లాంటిది కాదు. వాళ్లకు ఒక బ్యాండు, ఒక ఆల్బమ్, అయిపోయింది. మన సినిమాకు ఐదు పాటలుంటే నలుగురు పాడి ఉంటారు, ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా వదిలేస్తే ఒకే సినిమా నాలుగు ముక్కలై నాలుగు చోట్ల పడుతుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు వెయ్యి, ఆర్టిస్ట్‌లో పాడినోళ్ల పేర్లు వెయ్యి. యుగళగీతమైతే ఇద్దరి పేర్ల మధ్య సెమీకోలన్ పెట్టు, "ఘంటసాల; పి. సుశీల" అని. ఫూబార్ ప్రాపర్టీస్‌లో ఇట్ల రాస్తే రెండు వేర్వేరు పేర్లుగా తీసుకుంటుంది, ఘంటసాల కింద వెతికినా వస్తుంది, సుశీల కింద వెతికినా వస్తుంది. "అండ్" అనో కామా అనో పెట్టినావంటే "ఘంటసాల అండ్ సుశీల" అని మూడో మనిషి పుడతాడు లైబ్రరీలో.

కీర్తనలకు వచ్చేసరికి ఇంకా లోతు ఉంది. పైన చెప్పిన తెలుగు మాస్టారి దగ్గర అన్నమయ్య కీర్తనలే రెండు అల్మారాల సీడీలు, క్యాసెట్లు. తాళ్లపాక రాగిరేకుల్లో కీర్తన పైన రాగం పేరు చెక్కి ఉంది కానీ స్వరం రాసి లేదు, కాబట్టి ఇప్పుడు మనం వినే వరసలు చాలామటుకు తర్వాతి పెద్దలు కట్టినవి. మన జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు కట్టిన వరస ఒకటి ఉంటుంది, అదే కీర్తనకు నేదునూరి కృష్ణమూర్తి గారిదో బాలకృష్ణప్రసాద్ గారిదో వేరే వరస ఉంటుంది, రాగమే వేరు కావచ్చు. మాస్టారు నన్ను అడిగింది ఇదే: "నాయనా, నాకు పాడినోళ్ల పేరుతో కాదు, వరస కట్టినోళ్ల పేరుతో కావాల, రాగం పేరుతో కావాల, అట్ల చూపిస్తుందా మీ కంప్యూటర్?"

చూపిస్తుంది. ఫ్లాక్‌లో ఉన్న గొప్ప సుఖం, మనకు కావల్సిన గడి మనమే పుట్టించుకోవచ్చు, అక్షరాలు యూనికోడ్ కాబట్టి తెలుగు శుభ్రంగా నిలుస్తుంది. పాట మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద యాడ్ న్యూ అని ఉంటుంది, అక్కడ రాగం అని ఒక ఫీల్డు, తాళం అని ఒకటి, వరస అని ఒకటి చేసినాం. ఫీల్డు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు, లోపల రాసేది తెలుగులో రాయి. తర్వాత ఆల్బమ్ లిస్ట్ సెట్టింగ్స్‌లో కొత్త వ్యూ ఒకటి చేసి పర్సెంట్ గుర్తుల మధ్య ఆ ఫీల్డు పేరు ఇస్తే ఎడమపక్క చెట్టులాగా అన్ని రాగాలూ దిగుతాయి, ముఖారి నొక్కితే ముఖారి కీర్తనలన్నీ, దాని కింద ఎవరెవరు వరస కట్టినారో. మాస్టారు మొదటిసారి అది చూసి చాలాసేపు మాట్లాడలేదు, మౌస్ పట్టుకుని ఒక్కొక్క రాగం మీద నొక్కుకుంటా పోయినాడు. పదకొండు నెలలు పట్టింది ఆయనకు అన్నీ నింపడానికి, రోజుకు నాలుగైదు సీడీలు, పొద్దున కాఫీ తర్వాత. ఆ లైబ్రరీ ఇప్పుడు తిరుపతి నుంచి సంగీతం పిల్లలు వచ్చి చూసి పోతున్నారు.

మ్యూజిక్‌బీలోనూ కస్టమ్ ట్యాగులు ఉన్నాయి, కాకపోతే ముందు సెట్టింగ్స్‌లో వాటిని డిఫైన్ చేసుకోవాలి. ఒకేసారి వందల ఫైళ్ల ట్యాగులు మార్చాలంటే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్ వేరుగా పెట్టుకో, పేరు అట్లుంది కానీ ఫ్లాక్‌కూ పనిచేస్తుంది. ఆటోమేటిక్‌గా ఇంటర్నెట్ నుంచి ట్యాగులు తెచ్చే పికార్డ్ లాంటివి ఇంగ్లీషు ఆల్బమ్‌లకు బాగుంటాయి, మన పాత తెలుగు సీడీలకు దొరికేది తక్కువ, దొరికినా స్పెల్లింగులు నానా రకాలు. చేత్తో చేసుకునేదే మేలు. ఒక చిన్న అలవాటు చేసుకో: ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, టైటిల్ ట్యాగ్ తెలుగులో. కారు స్టీరియోలు, పాత టీవీలు తెలుగు ఫైలు పేర్లకు డబ్బాలు చూపిస్తాయి, అప్పుడు ఇంగ్లీషు పేరు ఆదుకుంటుంది.

ఒకే మనిషి పేరుకు ఎప్పుడూ ఒకే స్పెల్లింగు వాడాలి, "ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం" ఒకచోట "యస్పీ బాలు" ఒకచోట రాస్తే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఒక నోట్‌బుక్కులో పేర్లు ఎట్ల రాయాలో లిస్టు రాసి పక్కన పెట్టుకో, నేనూ అదే చేస్తా.

ఏప్, క్యూ ఫైల్స్. ఏప్ కూడా లాస్‌లెస్సే, అంటే ఏమీ పోగొట్టనిదే, చెడ్డదేం కాదు, కానీ విప్పడానికి ప్రాసెసర్‌కు బరువెక్కువ, ఫోన్లలో కార్లలో చాలావరకు నడవదు. ఫూబార్ సైట్‌లో ఉన్న మంకీస్ ఆడియో కాంపొనెంట్ (అదనంగా వేసుకునే చిన్న ముక్క) వేసుకుంటే ఫూబార్‌లో ఏప్ ప్లే అవుతుంది, నేనైతే ఫ్లాక్‌కు మార్చేస్తా, లాస్‌లెస్ నుంచి లాస్‌లెస్‌కు మారిస్తే పోయేది ఏమీ లేదు. క్యూ ఫైల్‌ను ఫూబార్‌లోకి లాగితే పాటలు విడివిడిగా కనపడతాయి, అన్నీ సెలెక్ట్ చేసి కన్వర్ట్ నొక్కి ఫ్లాక్ ఎంచుకుంటే పాటకొక ఫైలు వస్తుంది. దీనికి ఫూబార్ సైట్‌లోనే ఫ్రీ ఎన్‌కోడర్ ప్యాక్ అని ఉంది, అది వేసుకోవాలి. కంప్రెషన్ 0 నుంచి 8 దాకా అడుగుతుంది, 5 పెట్టు, ఏది పెట్టినా సౌండ్ ఒకటే, ఫైలు సైజులో మాత్రం కొద్దిగా తేడా. క్యూలో తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే అది ఎన్‌కోడింగ్ తప్పు, నోట్‌ప్యాడ్‌లో పేర్లు సరిచేసి యూటీఎఫ్-8లో సేవ్ చేసి మళ్లీ తెరువు.

ఎంపీ3లను మాత్రం ఫ్లాక్‌కు మార్చొద్దు. రుబ్బిన పిండి మళ్లీ బియ్యం కాదు, సైజు పెరుగుతుంది అంతే.

దీన్నిబట్టే ఇంకో సంగతి. అక్కడా ఇక్కడా తెచ్చుకున్నవి అన్నావు కదా, వాటిలో దొంగ ఫ్లాక్‌లు తప్పకుండా ఉంటాయి, ఎవరో ఎంపీ3ని ఫ్లాక్ చేసి పెట్టి ఉంటారు, ఇంకొందరు దాన్నే 24 బిట్ 96 కిలోహెర్ట్జ్‌కు ఉబ్బించి హైరెస్ (సీడీకన్నా మేలైన క్వాలిటీ) అంటారు. స్పెక్ అని చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, పాటను దాంట్లోకి లాగితే రంగుల బొమ్మ వస్తుంది, కింద బాస్, పైన కీచు సౌండ్లు. అసలు సీడీ అయితే రంగు 22 కిలోహెర్ట్జ్ అంచు దాకా పోతుంది, 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి వచ్చిందైతే 16 దగ్గర కత్తితో కోసినట్లు సమంగా తెగి పైన నల్లగా ఉంటుంది, 320 అయితే 20 దగ్గర. కానీ తొందరపడి తీర్పు చెప్పొద్దు. 1950ల, 60ల పాటలకు అసలు రికార్డింగులోనే పైసౌండ్లు తక్కువ, వాటిలో రంగు మెల్లగా పలచబడుతుంది, నిజమైన సీడీ అయినా అట్లనే కనపడుతుంది. మెల్లగా పలచబడితే పాతదనం, గోడ కట్టినట్లు తెగితే ఎంపీ3. మీ నాయన సీడీలు ఇంట్లో ఉన్నాయంటే వాటిని నువ్వే మళ్లీ తీసుకోవడం అన్నిటికన్నా మేలు, ఫూబార్‌లోనే రిప్ చేయొచ్చు, అక్యురేట్‌రిప్ అని వేరేవాళ్లు తీసిన లెక్కతో నీది సరిపోయిందా లేదా చూసి చెప్తుంది. గీతలు పడిన సీడీలనైతే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ ఓపిగ్గా చదువుతుంది.

నీకు ఇంకా అనుమానం ఉంటే, అంటే ఫ్లాక్‌కూ ఎంపీ3కీ నీ చెవికి తేడా తెలుస్తుందా అని, ఫూబార్‌కు ఏబీఎక్స్ కంపారేటర్ అని ఒక కాంపొనెంట్ ఉంది. ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమంటుంది. 16 సార్లు చెయ్యి. గుడ్డిగా చెప్పినా సగటున 8 కరెక్టవుతాయి, 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ గుడ్డిగా రావడానికి అవకాశం 4 శాతం లోపే, కాబట్టి 12 వచ్చినా నీకు నిజంగా తెలుస్తున్నట్లు. మంచి 320 ఎంపీ3తో నాకు 9 వచ్చినాయి, 128తో 16కి 16 వచ్చినాయి, తాళాల చప్పుడు, కంజిర దగ్గర దొరికిపోతుంది. అయినా నేను దాచేది ఫ్లాక్‌లోనే, ఎందుకంటే దాన్నుంచి ఎప్పుడైనా ఏ ఫార్మాట్‌కైనా మార్చుకోవచ్చు, అది మన దగ్గర అసలు విత్తనం లాంటిది.

రీప్లేగెయిన్ వాడుకో. పాత పాట మెల్లగా, దాని వెనకే కొత్త పాట చెవులు పగిలేలా వస్తుంది కదా, దానికి మందు ఇది. ఫైల్‌లో సౌండ్‌ను ముట్టుకోదు, ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో ట్యాగ్‌లో రాసి పెడుతుంది, ప్లేయర్ అది చూసి సర్దుతుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. రకరకాల పాటలు కలిపి వినేటప్పుడు ట్రాక్ గెయిన్, కచేరీ మొత్తం వినేటప్పుడు ఆల్బమ్ గెయిన్. లేకపోతే మెల్లగా తీసిన ఆలాపనా గట్టిగా సాగే తనీ ఒకే ఎత్తుకు వచ్చి కచేరీ చప్పబడుతుంది. 400 జీబీ స్కాన్ కావడానికి టైం పడుతుంది, రాత్రి పెట్టి పడుకో.

ఫూబారా మ్యూజిక్‌బీనా అని తేల్చుకోలేకపోతే ఇట్ల చూడు. మ్యూజిక్‌బీ పెట్టగానే ఆల్బమ్ బొమ్మలు, పాటల సాహిత్యం అన్నీ సర్దుకుని వస్తుంది, ఇంట్లో అమ్మానాయనలు కూడా వాడాలంటే అదే పెట్టు. ఫూబార్ మొదట చూస్తే బోసిగా ఉంటుంది, 2002 నుంచి ఒకే మనిషి పీటర్ పావ్లోవ్స్కీ ఓపిగ్గా చెక్కుతూ వస్తున్నాడు, తేలికగా తెరుచుకుంటుంది, నీ 8 జీబీ ర్యామ్‌లో దానికి బరువే తెలియదు, మనకు కావల్సినట్లు మలుచుకోవచ్చు. ఒక ఆదివారం దానికి కేటాయిస్తే పదేళ్లు మళ్లీ ముట్టుకోవు. రెండూ ఒకే ఫోల్డర్‌ను చూసేలా పెట్టుకుని నెల వాడి చూడు, పాటలకేం కాదు. లినక్స్‌లో అయితే స్ట్రాబెర్రీ, డెడ్‌బీఫ్ బాగుంటాయి. మ్యాక్ వాళ్లకు ఆపిల్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్ తీసుకోదు, ఆపిల్ వాళ్ల లాస్‌లెస్ రకం అలాక్‌కు మార్చుకోవాలి, లేదంటే మ్యాక్‌కు కూడా ఫూబార్ ఉంది.

డబ్బు పెట్టి కొనే ప్లేయర్లు పనికిరావని నేను అనడంలేదు. ఇల్లంతా నాలుగు గదుల్లో స్పీకర్లుండి ఒకచోట నుంచి నడపాలన్నా, ఫోన్‌తో రిమోట్ లాగా వాడాలన్నా, పాడినోళ్ల చరిత్ర చదువుకుంటూ వినాలన్నా వాటిలో సుఖం ఉంది, ఆ సుఖానికి డబ్బు ఇవ్వొచ్చు. ఒక్క ల్యాప్‌టాప్, ఒక్క హెడ్‌ఫోన్ ఉన్న నీకు ఇప్పుడు అవసరం లేదు.

ఇక హార్డ్‌డిస్క్. ఐదారు వేలు దానిమీద పెట్టమన్నా కదా. కొన్నేళ్ల కిందట మా మేనమామ పాడిన పద్యాల క్యాసెట్లు ఆరు డిజిటల్ చేసి ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టినా. క్యాసెట్లు అప్పటికే బూజు పట్టి టేపు ఒకదానికొకటి అంటుకుని, డిజిటల్ చేస్తుండగానే రెండు తెగిపోయినాయి. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది, ఆ తర్వాత డిస్క్ టిక్ టిక్ మంటుంది కానీ తెరుచుకోదు. రికవరీ చేసేచోటికి పంపినా, నాలుగు క్యాసెట్లవి వచ్చినాయి, రెండు రాలేదు. ఆ రెండింట్లో గొంతు ఇంకెక్కడా లేదు, మామ కూడా లేడు.

అప్పటి నుంచి ప్రతిదీ రెండు డిస్కుల్లో, ఒకటి మా ఇంట్లో ఒకటి మా చెల్లెలి ఇంట్లో ధర్మవరంలో. ఫ్లాక్‌లో ఇంకో మేలు ఉంది, ప్రతి ఫైల్ లోపల ఆ పాట అంకెలకు ఎండీ5 అని ఒక ముద్ర ఉంటుంది, ఫైల్ ఎక్కడన్నా చెడితే ముద్ర సరిపోదు. ఫూబార్‌కు ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫయర్ అని కాంపొనెంట్ ఉంది, అన్ని పాటలూ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేసి యుటిలిటీస్ కింద వెరిఫై అంటే ఏవి బాగున్నాయి ఏవి చెడినాయో లిస్టు ఇస్తుంది. నేను ఆర్నెల్లకొకసారి రెండు డిస్కులకూ చేస్తా.

కాబట్టి తమ్ముడూ, ఫూబార్ పెట్టుకున్న రోజే వేరే పనులకన్నా ముందు ఈ వెరిఫై ఒకటి నడుపు. చెడినవి ఏమన్నా వస్తే వాటి సీడీలు ఇంట్లో ఉన్నాయేమో మీ నాయనను అడిగి తీసి పెట్టుకో, సీడీలు కూడా ఎండకు అరలో పడేసి ఉంటే ఎన్నాళ్లు చదువుతాయో చెప్పలేం. లిస్టు వచ్చినాక ఇక్కడ పెట్టు, ఏవి ఎట్ల బాగుచేయాలో చూస్తా. ఏప్‌లు మార్చేటప్పుడు ఎర్రర్ వస్తే ఆ మెసేజ్ మొత్తం కాపీ చేసి పెట్టు, ఫోటో అయినా సరే.